‘స్పీడ్ 2’లో గడియారం ఎక్కడ పోయింది?

ఒక సిటీ బస్సులో బాంబు ఉంది. బస్సు వేగం గంటకి 50 మైళ్లు దాటగానే అది ఆన్ అవుతుంది, మళ్లీ 50 కిందకి పడితే పేలుతుంది. ఎవర్నీ దించకూడదు. 1994లో వచ్చిన ‘స్పీడ్’ కథ ఇదే. సినిమా చూడని వాళ్లకి ఈ నాలుగు ముక్కలు చెప్పి చూడండి, వెంటనే ప్రశ్నలు మొదలవుతాయి. మరి ట్రాఫిక్ జామ్ అయితే? డీజిల్ అయిపోతే? డ్రైవర్‌కి ఏమైనా అయితే? వినేవాళ్లే సగం సినిమా రాసేస్తారు.

ఇప్పుడు అదే దర్శకుడు యాన్ డి బాంట్ 1997లో తీసిన ‘స్పీడ్ 2: క్రూజ్ కంట్రోల్’ కథ చెప్తా. కరీబియన్ సముద్రంలో ఒక ఖరీదైన ఓడ. ఆ ఓడని నడిపే కంప్యూటర్ సిస్టమ్‌ని డిజైన్ చేసిన గైగర్ అనేవాడు మామూలు ప్రయాణికుడిలా ఎక్కి, కెప్టెన్‌ని చంపి, కంట్రోల్ అంతా తన చేతుల్లోకి తీసుకుంటాడు. ఓడ లాకర్‌లో ఉన్న నగలు కొట్టేస్తాడు. ఓడని ఒక ఆయిల్ ట్యాంకర్ మీదకి మళ్లిస్తాడు. హీరో ఆపాలి. ఇది విన్నాక మీకు ఏ ప్రశ్న వచ్చింది? నాకైతే ఒక్కటే వచ్చింది: నగలు దొరికాయి కదా, ఇంకా ఈ ట్యాంకర్ గొడవ ఎందుకురా బాబూ?

ముప్పై ఏళ్ల కిందటి ఫ్లాప్ గురించి ఇప్పుడెందుకు అంటారేమో. మన ఫెస్ట్‌కి వచ్చే షార్ట్ ఫిల్ములు గమనించారా? ప్రతి రెండో దాంట్లో ఒక మూల ఎర్ర అంకెల టైమర్ తిరుగుతూ ఉంటుంది. హాల్ టికెట్ మర్చిపోయినవాడు, కిడ్నాపైన చెల్లెలు, పొద్దున్నేలోగా డిలీట్ చేయాల్సిన వీడియో. బ్యాక్‌గ్రౌండ్‌లో టిక్ టిక్. ఐదు నిమిషాల ఫిల్ములో మూడో నిమిషం వచ్చేసరికి వెనక వరసల్లో ఫోన్లు వెలుగుతాయి. తీసినవాళ్లు రాత్రుళ్లు నిద్రమానుకుని ఎడిట్ చేసుంటారు. గడియారం పెట్టాం కదా, టెన్షన్ ఎందుకు రాలేదు అని వాళ్లకి నిజంగానే అర్థం కాదు. ‘స్పీడ్ 2’ వాళ్లకీ అర్థం కాలేదు, కాకపోతే వాళ్లు పది కోట్ల డాలర్లకి పైనే ఖర్చుపెట్టారు. అంత డబ్బుతో తప్పు చేస్తే ఆ తప్పు చాలా క్లియర్‌గా కనిపిస్తుంది. మనం నేర్చుకోవడానికి అది బాగా పనికొస్తుంది.

ముందు మొదటి సినిమా ఎందుకు పనిచేసిందో చూద్దాం. రచయిత గ్రాహం యోస్ట్‌కి ఈ ఆలోచన ‘రనవే ట్రెయిన్’ అనే 1985 నాటి సినిమా వల్ల వచ్చింది. దాని మూలం మళ్లీ మన సినిమా పిచ్చోళ్లందరికీ తెలిసిన అకిరా కురొసావా రాసుకున్న స్క్రిప్టు. యోస్ట్ మొదట బస్సు వేగం 20 మైళ్లు అనుకున్నాడట, ఫ్రెండ్ ఒకరు 50 చెయ్యమన్నారట. 50 మైళ్లంటే గంటకి 80 కిలోమీటర్లు. ఈ 80 అనే అంకె అంతకుముందే ఒక సినిమాలో ఉంది. 1975లో జపాన్‌లో జున్యా సాతో తీసిన ‘ది బుల్లెట్ ట్రెయిన్’లో, టోక్యో నుంచి హకాతా వెళ్లే షింకన్‌సెన్ రైలు 80 కిలోమీటర్ల కిందకి వస్తే పేలిపోతుంది. 2025లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘బుల్లెట్ ట్రెయిన్ ఎక్స్‌ప్లోజన్’ దానికి కొనసాగింపే, అందులో అంకె 100కి పెరిగింది. ఆ సినిమా సంగతి మళ్లీ చెప్తా, ఒక ముఖ్యమైన పని ఉంది దాంతో.

మనకి అల్గారిదమ్స్‌లో లూప్ ఇన్వేరియంట్ అని చెప్పారు కదా. లూప్ ఎన్నిసార్లు తిరిగినా, ప్రతి రౌండులోనూ నిజంగా నిలబడి ఉండాల్సిన షరతు. ‘స్పీడ్’లో ఆ షరతు ‘వేగం 50 కంటే తగ్గకూడదు’. గమనించండి, ఇందులో అసలు టైమరే లేదు! పన్నెండు గంటలకి పేలుతుంది లాంటిది కాదు. ప్రతి సెకనూ గడువే. అందుకే బస్సులో జరిగే ఏ చిన్న పనైనా నేరుగా ఆ షరతుకి తగులుతుంది. బస్సులో ఒకడు హీరో తనని పట్టుకోవడానికే వచ్చాడనుకుని తుపాకీ తీస్తాడు, ఆ పెనుగులాటలో డ్రైవర్‌కి తూటా తగులుతుంది. దాంతో స్పీడింగ్ చేసి లైసెన్స్ పోగొట్టుకున్న ఆనీ స్టీరింగ్ పట్టుకోవాల్సి వస్తుంది. గాయపడిన డ్రైవర్‌ని దించడానికి విలన్ ఒప్పుకుంటాడు, అది చూసి భయంతో ఇంకొకావిడ తనూ దిగబోతుంది, మెట్టు కింద ఇంకో చిన్న బాంబు పేలి చనిపోతుంది. ఎయిర్‌పోర్టు రన్‌వే మీద తిరుగుతూ హీరో బస్సు కిందకి వెళ్లి బాంబు తీద్దామనుకుంటాడు, అక్కడ డీజిల్ ట్యాంకుకి చిల్లు పడుతుంది. ఇప్పటిదాకా వేగం ఒక్కటే సమస్య. ఇప్పుడు ఇంధనం కూడా. ఒక సమస్యని తప్పించుకోవడానికి చేసిన పనే తర్వాతి సమస్యని పుట్టిస్తోంది.

నాకు అన్నిటికంటే నచ్చింది కెమెరా సంగతి. విలన్ పేన్ బస్సులో దాచిన కెమెరాతో అందర్నీ చూస్తున్నాడని హీరోకి తెలుస్తుంది. ఎలాగంటే, పేన్ ఫోన్‌లో ఆనీ వేసుకున్న స్వెటర్ మీద ఉన్న పేరుతో ఆమెని పిలుస్తాడు. అప్పుడు పోలీసులు ఏం చేస్తారంటే, ఆ వీడియో సిగ్నల్‌ని రికార్డ్ చేసి, అదే ముక్కని మళ్లీ మళ్లీ తిప్పి వాడికి పంపిస్తారు. సెక్యూరిటీ క్లాసులో రీప్లే ఎటాక్ అని చదువుతామే, అచ్చం అదే. పాత క్యాసెట్ల కాలంలోనే చూపించేశారు. ప్రయాణికులు దిగిపోవడానికి దొరికిన సమయం ఆ వీడియో ముక్క వాడికి అనుమానం రాకుండా ఎంతసేపు తిరిగితే అంత.

సరే, బస్సు విరిగిన ఫ్లైఓవర్ మీంచి 50 అడుగులు ఎగరడం ఫిజిక్స్ చదివినవాడెవడూ నమ్మడు. (నిజానికి అక్కడ వంతెన ఉంది, ఆ ఖాళీని కంప్యూటర్‌లో చెరిపి పెట్టారు.) కానీ థియేటర్లో ఎవరూ దాని గురించి గొడవ చేయలేదు. ఎందుకంటే ఆగితే చస్తారు, ముందు రోడ్డు లేదు, వేరే దారి లేదు అన్న లెక్క అప్పటికే మన బుర్రలో పక్కాగా ఎక్కేసి ఉంది. ఇదే బాంబు మన అమీర్‌పేటలో ఏ బస్సులోనైనా పెట్టి ఉంటే అసలు ఆన్ అయ్యే వేగమే రాదు, అది వేరే విషయం.

ఇక ‘స్పీడ్ 2’కి వద్దాం. యాన్ డి బాంట్‌కి ఒక ఓడ వచ్చి ద్వీపాన్ని గుద్దుకున్నట్టు పీడకల వచ్చేదట, సినిమా అక్కడి నుంచి పుట్టింది. అంటే ముందు క్లైమాక్స్ వచ్చింది, దాని వెనక రెండు గంటలు అతికించారు. కియాను రీవ్స్ స్క్రిప్టు చదివి వద్దన్నాడు, ఓడ బస్సు కంటే కూడా నెమ్మది కదా అని తర్వాత చాలా ఏళ్లకి ఒక టీవీ షోలో నవ్వుతూ చెప్పాడు. ఆయన బదులు జేసన్ పాట్రిక్ వచ్చాడు. సాండ్రా బుల్లక్ అదే ఆనీ.

ఓడలో జరిగేవి చూడండి. కొంతమంది పొగ నిండిన గదిలో తలుపులు పడిపోయి ఇరుక్కుంటారు. లైఫ్‌బోటు దింపుతుంటే మధ్యలో చిక్కుకుంటుంది. వినపడని అమ్మాయి ఒకతె లిఫ్టులో ఉండిపోతుంది. విడివిడిగా చూస్తే ఒక్కోటీ మంచి ఐడియానే, ముఖ్యంగా ఆ అమ్మాయిది. అలారం మోగుతున్నా ఆమెకి తెలీదు కదా. కానీ ఒక చిన్న పరీక్ష పెట్టండి. ఈ సీన్లని పేకముక్కల్లా కలిపేసి ఏ వరసలో పరిచినా కథ అలాగే నడుస్తుంది. లైఫ్‌బోటు ముందు, పొగ తర్వాత. లేదా లిఫ్టు ముందు. ఏం తేడా రాదు. ఒకటి తీరిస్తే ఓడ పరిస్థితిలో ఏమీ మారదు, ఒకటి తీర్చకపోయినా పెద్దగా మారదు. ‘స్పీడ్’లో ఇలా చేయలేరు. డీజిల్ కారడం డ్రైవర్‌కి తూటా తగలడం కంటే ముందు పెడితే సినిమా కుప్పకూలుతుంది. నేను ఏ థ్రిల్లర్ చూసినా ఇప్పుడు ఇదే టెస్ట్ పెడుతున్నా, ఫ్రెండ్స్ తిడుతున్నారు.

పైగా షరతే లేదు. ఓడ ఎంత వేగంతో వెళ్లినా ఏమీ కాదు. అది ఎక్కడికి వెళ్తోందో చాలాసేపు మనకీ తెలీదు, ఓడలో వాళ్లకీ తెలీదు. తెలిసేసరికి సగం సినిమా అయిపోతుంది. పోటీ అన్నాక గీత ఎక్కడుందో ముందే కనపడాలి కదా.

షరతు లేనిచోట మొదటి భాగం జ్ఞాపకాలు తెచ్చి నింపారు. మొదటి సినిమాలో హీరో ఒకతని జాగ్వార్ కారు లాక్కుంటాడు, గుర్తుందా? అతనే ఇక్కడ కూడా ఉంటాడు, ఈసారి అతని స్పీడ్‌బోటు లాక్కుంటారు. ఆనీ సరిగ్గా నడపలేదన్న జోకు డ్రైవింగ్ టెస్ట్ సీనుగా మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి. ఫార్ములా అంటే తప్పేమీ కాదు, మన పప్పులో కూడా తాలింపు ఫార్ములానే. కానీ ఇక్కడ పప్పు లేదు, తాలింపు గిన్నె ముందు పెట్టి తినమన్నారు.

చివర్లో ఓడ సెయింట్ మార్టిన్ ద్వీపంలోని ఊళ్లోకి దూసుకొస్తుంది. ఈ ఒక్క ఘట్టానికే సుమారు 2.5 కోట్ల డాలర్లు అయ్యాయని అప్పట్లో చెప్పుకున్నారు. అంటే మొదటి ‘స్పీడ్’ సినిమా మొత్తం బడ్జెట్‌కి దగ్గర దగ్గర. ఆ మొదటి సినిమా సుమారు 3 కోట్లతో తీస్తే ప్రపంచవ్యాప్తంగా 35 కోట్లు వసూలు చేసింది. రెండోది 16 కోట్ల చిల్లర దగ్గర ఆగిపోయింది, ఎనిమిది రాజీ నామినేషన్లు కూడా తెచ్చుకుంది. రాజీ అంటే చెత్త సినిమాలకిచ్చే అవార్డులు.

ఇంతకీ అందరూ చెప్పే కారణం ‘ఓడ నెమ్మదిగా వెళ్తుంది, అందుకే టెన్షన్ లేదు’ అని. రీవ్స్ అన్నదీ అదే. నేను ఒప్పుకోను. దానికి నా దగ్గర రెండు సాక్ష్యాలున్నాయి, ఒకటి కామెడీ, ఒకటి కాదు.

కామెడీ ముందు. ‘ఫాదర్ టెడ్’ అని ఐర్లండ్ ఫాదరీల మీద ఒక టీవీ కామెడీ ఉంది. 1998లో దాంట్లో ‘స్పీడ్ 3’ అని ఒక ఎపిసోడ్ వచ్చింది. అమాయకుడైన ఫాదర్ డూగల్ పాలబండి నడుపుతుంటాడు, బ్యాటరీతో నడిచే బండి. అది గంటకి 4 మైళ్ల కంటే తగ్గితే పేలుతుంది. నాలుగు మైళ్లు, అంటే ఆరున్నర కిలోమీటర్లు కూడా కాదు. మనం లేటయినప్పుడు ల్యాబ్‌కి అంతకంటే ఫాస్ట్‌గా నడుస్తాం. అయినా పడీపడీ నవ్వుతూనే ‘అయ్యో ఎలా దిగుతాడు’ అని చూస్తాం. ఎందుకంటే షరతు ఉంది. అంకె చిన్నదైనా గీత గీతే. చివరికి యాక్సిలరేటర్ మీద ఇటుక పెట్టి దింపుతారు, ఆ ఇటుక కోసం ఎపిసోడ్ మొత్తం చూడొచ్చు.

రెండోది నిజంగా జరిగింది. 2024 మార్చి 26 అర్ధరాత్రి దాటాక, అమెరికాలోని బాల్టిమోర్ రేవు నుంచి బయల్దేరిన ‘డాలీ’ అనే కంటెయినర్ ఓడకి కరెంటు పోయింది. సిబ్బందిలో ఎక్కువమంది మన దేశం వాళ్లే. ఓడ వేగం సైకిల్ వేగమంత. కానీ అంత బరువున్న దానికి బ్రేకులుండవు, స్టీరింగ్ లేకపోతే నీళ్లలో జారుతూనే ఉంటుంది. ఎదురుగా ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెన. ఓడ నుంచి మేడే కాల్ వెళ్లింది. పోలీసులు రెండు వైపులా కార్లని ఆపేశారు. ఒకటి రెండు నిమిషాల్లో ఆ పని జరిగింది. వంతెన మీద గుంతలు పూడుస్తున్న కూలీలు ఎనిమిదిమంది ఉన్నారు. వాళ్లకి చెప్పేలోపే వంతెన కూలింది. ఆరుగురు చనిపోయారు.

ఆ వీడియో చూసినవాళ్లకి తెలుసు. ఓడ నెమ్మదిగా కదులుతుంది, లైట్లు ఆరిపోతాయి, వెలుగుతాయి, మళ్లీ ఆరిపోతాయి. ఎక్కడా మ్యూజిక్ లేదు. ఆ నెమ్మదే భయం. కార్లు ఆపాలా, ముందు పనివాళ్లకి చెప్పాలా, ఉన్న సెకండ్లని ఎక్కడ ఖర్చుపెట్టాలి అన్నది అక్కడున్న పోలీసుల ముందు నిజంగా ఉంది. ‘స్పీడ్ 2’ చేతిలో ఇదే ఉంది, ఆపలేని ఓడ, ఎదురుగా ఊరు. దాన్ని ఏం చేశారంటే, ఊళ్లో జనం నోరు తెరుచుకుని చూస్తుంటే పడవలు, ఇళ్లు వరసగా విరిగిపోవడం సగం నవ్వులాటగా తీశారు. ఎవరూ ఏదీ ఎంచుకోవాల్సిన పనిలేదు.

మన ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠంలో డెడ్‌లైన్లు రెండు రకాలు. కారు గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగ్ టైముకి తెరుచుకోకపోతే తర్వాత తెరుచుకున్నా ఉపయోగం లేదు, అది హార్డ్. వీడియో కాల్‌లో ఒక ఫ్రేము లేటుగా వస్తే కాస్త చిరాకు, అంతే, అది సాఫ్ట్. చెడ్డ థ్రిల్లర్లు పోస్టర్ మీద హార్డ్ అని రాసి లోపల సాఫ్ట్ నడుపుతాయి. తెర మీద 30 సెకండ్లు అని చూపిస్తారు, హీరో డైలాగు చెప్పి, ఫ్లాష్‌బ్యాక్ చూసి, ఎర్ర వైరా నీలం వైరా అని ఆలోచించి వచ్చేసరికి టైమర్‌లో ఇంకా 4 ఉంటాయి. ఒక్కసారి అలా జరిగిందా, గడువు సాగుతుందని ప్రేక్షకుడికి తెలిసిపోతుంది. మనకి అసైన్‌మెంట్ డేటు ఒకసారి పొడిగిస్తే రెండోసారి ఎవరు సీరియస్‌గా తీసుకుంటారు?

దగ్గర్లోనే మంచి ఉదాహరణ ఉంది. మలయాళంలో 2011లో రాజేష్ పిళ్లై తీసిన ‘ట్రాఫిక్’. చనిపోయిన కుర్రాడి గుండెని కొచ్చి నుంచి పాలక్కాడ్‌కి రెండు గంటల్లో రోడ్డు మీద తీసుకెళ్లాలి. ఎయిర్‌బ్యాగ్ లాంటి డెడ్‌లైనే, గుండె ఆగదు మరి. కానీ సినిమా అసలు బరువు దారిలో కాదు, ఇంకా వెంటిలేటర్ మీద ఊపిరి ఆడుతున్న కొడుకుని ఇచ్చేయమని తల్లిదండ్రుల్ని అడగడంలో ఉంది. వాళ్లు ఆలోచించుకునే ప్రతి నిమిషమూ అవతల ఇంకో పిల్ల నిమిషాల్లోంచి తగ్గుతోంది. తొందరపెట్టడం తప్పు, పెట్టకపోవడమూ తప్పే.

ఇప్పుడు ఆ జపాన్ సినిమా సంగతి. ‘ది బుల్లెట్ ట్రెయిన్’లో బాంబు పెట్టినవాడు దివాలా తీసిన చిన్న ఫ్యాక్టరీ ఓనరు. దేశమంతా పైకి వెళ్తుంటే తను, తనలాంటి ఇంకో ఇద్దరు కింద మిగిలిపోయారు. రెండున్నర గంటల సినిమాలో వాళ్ల కథకి చాలా చోటుంది, ఎంతంటే రైలూ బతకాలి, వీడూ బతకాలి అనిపించేంత. విదేశాలకి పంపిన కాపీల్లో సరిగ్గా ఈ భాగాలే చాలావరకు కత్తిరించారు, రైలు మాత్రం ఉంచారు. ‘స్పీడ్ 2’ చూస్తుంటే నాకు ఆ కత్తిరించిన కాపీ గుర్తొస్తుంది.

ఎందుకంటే గైగర్‌కి జబ్బు. ఒంట్లో రాగి విషంలా పేరుకుపోతోంది. కంప్యూటర్ల దగ్గర పనిచేయడం వల్లే వచ్చిందని సినిమా అంటుంది. సైన్స్ ప్రకారం అది నిలబడదు, రాగి పేరుకుపోయే విల్సన్స్ డిసీజ్ నిజంగానే ఉంది కానీ అది పుట్టుకతో జన్యువుల్లో వచ్చేది. ఆ మాట పక్కన పెట్టండి. ఓడ మొత్తం నడిచే సిస్టమ్ రాసిన ఇంజనీరు, ఆ పని వల్లే జబ్బుపడ్డానని నమ్ముతున్నాడు, జబ్బు బయటపడగానే కంపెనీ తీసేసింది. ఎక్కువ కాలం బతకడు. ఇంత పెద్ద ‘టైముతో పోటీ’ సినిమాలో నిజంగా టైము అయిపోతున్నవాడు ఇతనొక్కడే! హీరోకి సెలవులున్నాయి, ఆనీకి సెలవులున్నాయి, ఓడకి సముద్రం ఉంది. ఇతనికి మాత్రం రోజులు లేవు. రేపో ఎల్లుండో ప్లేస్‌మెంట్లలో కూర్చునే మనకి ఇంతకంటే దగ్గరి విలన్ ఎవరుంటారు?

సినిమా దాంతో ఏం చేసిందంటే, విల్లెం డఫో లాంటి నటుణ్ని బాత్‌టబ్‌లో కూర్చోబెట్టి ఒంటి మీద జలగలు పెట్టించింది, రక్తం శుభ్రం చేస్తాయట. జనం ‘ఛీ’ అని నవ్వుకున్నారు. ఆ తర్వాత అతని జబ్బు కథలో దేన్నీ మార్చదు. చేయి వణికి ఒక బటన్ తప్పు నొక్కడం కూడా జరగదు. చివర్లో సీప్లేన్‌లో పారిపోతూ వెళ్లి అదే ట్యాంకర్ మీద పడి పేలిపోతాడు, ఆ పేలుడు మాత్రం చాలా బాగా తీశారు.

చూడాలనుకుంటే మొదటి ‘స్పీడ్’, ఆ పాలబండి ఎపిసోడ్ ఒకే రాత్రి చూసేయండి, రెండూ కలిపి రెండున్నర గంటలు దాటవు. ‘స్పీడ్ 2’ కూడా చూస్తానంటే ఆపను. రోజర్ ఈబర్ట్ అంత పెద్ద విమర్శకుడు దానికి నాలుగింట మూడు స్టార్లిచ్చాడు. మీకూ నచ్చితే రండి, మెస్‌లో కూర్చుని వాదించుకుందాం, జలగల సీన్ గురించి మాత్రం భోజనం అయ్యాకే.